బొమ్మకి డిజైనరు ఎవరు?

డిజైనంటే పైపై సోకు అనుకుంటాం. కొత్త సోఫా, కొత్త ఫోను, అంతే. కాదు. ఏ వస్తువు ఎవరికి, దేనికి, ఏ సరుకుతో చెయ్యాలో ముందే ఆలోచించడం డిజైన్.

నమ్మకం కుదరకపోతే కొండపల్లి బొమ్మల కాలనీకెళ్లి చూడండి. తెల్లపొణికి చెక్క తేలిక, మెత్తన. కుర్చీకి పనికిరాదు గానీ ఉలికి ఇట్టే లొంగుద్ది. దాన్ని సన్నసెగ మీద తేమ పోయేదాకా ఆరబెడతారు. ఏనుగైతే కాళ్లు, తొండం, చెవులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఒకే దుంగలోంచి మొత్తం ఏనుగుని తొలిస్తే ఎంత చెక్క వృథా! విడి భాగాలు చేసి కూర్చడం ఇవాళ్టి ఫర్నిచర్ కంపెనీలు కూడా పాటించే సూత్రమే.

1958లో అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు మన దేశం తిరిగి రిపోర్టు రాశారు. అందులో మెచ్చుకున్న వస్తువు మన ఇంటి చెంబే. ఆ రిపోర్టుతోనే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది.

మరి ఇకముందు? పట్నంలో గీసిన బొమ్మని కూలికి చెక్కిపెట్టడమే మిగిలితే ఆ పనికి పిల్లలెందుకొస్తారు? పజిళ్లు, బడిలో పాఠం చెప్పే బొమ్మలు, బల్లమీది దీపాలు... ఏం చెయ్యాలో చెక్కేవాడు కూడా నిర్ణయించాలి, లాభంలో వాటా ఉండాలి.

ఇంకోటి. జీఐ గుర్తింపు పేరుని కాపాడుద్ది, చెట్టుని కాదు. పొణికి మొక్కలు నాటకపోతే ఎంత గొప్ప డిజైనైనా కాగితం మీదే ఉంటది.