పని తేలికైన నెలలు

మా నాన్న రాయ్‌పూర్ డబ్ల్యూఆర్‌ఎస్‌లో, అంటే రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు వచ్చాయి. మాదీ అలాంటిదే. నాన్నకి జీతం రాని నెల నేను చూడలేదు. అందుకే ఉద్యోగం ఒకసారి దొరికితే ఇక బెంగ లేదనుకుంటూ పెరిగాను.

రాయ్‌పూర్ దగ్గరి సిల్తరాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబులో 11 ఏళ్లు కెమిస్టుగా చేశాను. గ్రాము బొగ్గుపొడి చిన్న డిష్‌లో పోసి, 815 డిగ్రీల ఫర్నేసులో కాల్చి, మిగిలిన బూడిద తూచి రిజిస్టరులో రాయాలి. కళ్లు మూసుకుని చేసేవాణ్ని.

2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 214 బొగ్గు బ్లాకుల కేటాయింపులు రద్దు చేసింది. మరుసటేడు చైనా చవక ఉక్కు వచ్చిపడి ధరలు దిగిపోయాయి. రెండూ పేపర్లో చదివాను. మాకు వాటితో ఏం సంబంధం అనుకున్నాను. షిఫ్టుకి 14 శాంపిళ్లు వచ్చేచోట 8 వచ్చాయి, తర్వాత 5. ఇనుము తయారుచేసే కిల్న్‌లలో రెండోది చల్లారింది. టీ తాగే తీరిక దొరికిందని ఇంట్లో సంబరంగా చెప్పాను. "పని లేకపోతే జీతం ఎన్నాళ్లిస్తారండీ?" అంది మా ఆవిడ. నేను జవాబివ్వలేదు. రాబోయేది నా చేతిరాతలోనే ఉంది, నేనే చదువుకోలేదు.

ఒకరోజు పదిమందిని పిలిచి తెల్లకాగితాలిచ్చారు. రాజీనామా రాస్తే లెక్క త్వరగా తేలుతుందన్నారు. రాసిచ్చాను. ఇది ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి: ఏడాది నిండిన కార్మికుణ్ని పని లేదని తొలగించాలంటే కనీసం నెల నోటీసు లేదా ఆ నెల జీతం, పైగా చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. అప్పట్లో అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేదిది. మేనేజర్లకు వర్తించదు కానీ, మాలాంటి సాంకేతిక పనివాళ్లకు వర్తిస్తుంది. నా లెక్కన 165 రోజుల వేతనం. నా సంతకంతో పోయింది. అయిదేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ మాత్రం వచ్చింది.

పని వెతుక్కుంటూ వెళ్లిన ఉర్లా మిల్లుల్లో అందరూ ఒకటే అడిగారు: "స్పెక్ట్రో వచ్చా?" నున్నగా అరగదీసిన ఇనుప ముక్క మీద నిప్పురవ్వ పుట్టించి, నిమిషంలో కార్బన్, మాంగనీస్, ఫాస్ఫరస్ ఎంతుందో తెర మీద చూపే మిషను అది. మా ఫ్యాక్టరీలోనే, పక్క షెడ్డులో ఉండేది. 11 ఏళ్లలో ఒక్కపూట వెళ్లి చూడలేదు. చివరికి ఒక మిల్లులో సగం జీతానికి చేరి నాలుగు నెలల్లో నేర్చుకున్నాను. జీతం సరిగ్గా వచ్చే రోజుల్లో అయితే ఊరికే నేర్చుకునేవాణ్ని.

ఆరు నెలల ఇంటిఖర్చు ఇప్పుడు విడిగా బ్యాంకులో ఉంచుతున్నాను. పే స్లిప్పులన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. నెలాఖరున రిజిస్టరు వెనక్కి తిప్పి శాంపిళ్లు లెక్కపెడతాను. తగ్గితే ఎందుకో ప్రొడక్షన్ వాళ్లని అడుగుతాను.

మొన్న ఆదివారం మా కాలనీ కుర్రాడొకడు వచ్చాడు. రోలింగ్ మిల్లులో మూడో ఏడు. వాడి ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించాను. జీతంలో కోత ప్రతినెలా పడుతోంది. పాస్‌బుక్‌లో రెండు నెలలుగా జమ లేదు.

"బాబాయ్, ఇదేంటి?" అన్నాడు.

పే స్లిప్పులు పట్టుకురమ్మన్నాను. ఇద్దరం కూర్చుని పీఎఫ్ ఆఫీసుకి అర్జీ రాశాం.