టాపెట్ కవర్‌కు ఇంట్లో రంగు వేసుకునేవారికి

కారు బానెట్ ఎత్తగానే ఇంజన్ నెత్తిన మూతలా కనిపించే భాగాన్ని మన మెకానిక్కులు టాపెట్ కవర్ అంటారు. వాల్వ్ కవర్ అన్నా అదే. దాని కింద వాల్వులు, వాటిని నొక్కే రాకర్లు, చాలా కార్లలో క్యామ్‌షాఫ్ట్ కూడా ఉంటాయి. వాటిని తడిపే ఆయిల్ బయటకు చిందకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా ఆపడమే ఈ మూత పని. ఏళ్ల తరబడి వేడి తగిలి, ఆయిల్ ఒలికి దాని రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. నాలుగు బోల్టులో, పది బోల్టులో విప్పితే చేతికి వచ్చేస్తుంది కనుక, సెలవు రోజున ఇంటి దగ్గరే దీనికి రంగు వేసుకునేవారు ఉన్నారు. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే తయారీ ఆగిపోయిన బండ్లు. వాటిని ముద్దుగా చూసుకునేవారు ఈ పని మరీ ఇష్టంగా చేస్తారు.

ఆసుపత్రి పత్రికలో బండి రంగుల గొడవ ఏమిటి అని మీకు అనిపించవచ్చు. క్యాజువాలిటీకి వచ్చినవారు “బండికి రంగు వేస్తున్నాం సిస్టర్” అని మొదట చెప్పరు. “కంట్లో ఏదో పడింది” అంటారు, “పిల్లవాడు బాటిల్‌లో ఉన్నది తాగాడు” అంటారు. కాస్త నిదానంగా అడిగితే అసలు సంగతి వస్తుంది. మేము గమనించినది ఒకటే. ఈ పనిలో రంగు వల్ల వచ్చే హాని ఉన్నా, రంగు డబ్బా తెరవక ముందే, అంటే జిడ్డు కడిగేటప్పుడు, పాత రంగు గీకేటప్పుడు జరిగే హాని అంతకంటే ఎక్కువ. అందరూ రంగు వేసే రోజు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు, ముందు రోజు మాత్రం ఏ జాగ్రత్తా తీసుకోరు.

ఇనుముతో పని మన తెనాలికి కొత్త కాదు. పాత వాహనాల నట్లు, బోల్టులు, గేర్లు అతికించి నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులు మన ఊళ్లో ఉన్నారు. 2021లో వారు ప్రధాని మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున ఇలాగే చేశారు. అయితే షెడ్డు వేరు, ఇల్లు వేరు. షెడ్డులో గ్యాస్ పొయ్యి ఉండదు, పాకే పిల్లలు ఉండరు, దాహం వేసి కనిపించిన సీసా ఎత్తే తాతగారు ఉండరు. ఇంట్లో ఈ ముగ్గురూ ఉంటారు.

ముందు కవర్ విప్పడం గురించి రెండు మాటలు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పండి, బ్యాటరీ తీగ తీసేయండి. తీసిన చోట ఇంజన్ లోపలి భాగాలు తెరుచుకుని ఉంటాయి కనుక శుభ్రమైన గుడ్డ కప్పండి. కవర్ దేనితో చేసినదో ఈ దశలోనే చూడండి. పాత అంబాసిడర్‌ది రేకు, అయస్కాంతం అంటుకుంటుంది. చాలా కార్లది అల్యూమినియం, అంటుకోదు. ఇప్పటి బండ్లలో చాలావాటికి ప్లాస్టిక్‌దే వస్తుంది. దానికి వేడి తట్టుకునే రంగుల తంటా వద్దు, సబ్బు నీళ్లతో కడిగి వదిలేయండి.

ఇక జిడ్డు. దీనికి ఎక్కువమంది చేసే పని, బైక్ ట్యాంకులోంచి కాస్త పెట్రోలు తీయడం. ట్యూబు ట్యాంకులో పెట్టి నోటితో పీలుస్తారు. పెట్రోలు నోట్లోకి రాగానే ఉమ్మేయవచ్చు అనుకుంటారు. కాని దగ్గు వచ్చిన ఒక్క క్షణంలో అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్, టర్పెంటైన్ ఇవన్నీ నీళ్లకంటే తేలిగ్గా పాకే ద్రవాలు. కడుపులోకి పోయినదానికంటే ఊపిరితిత్తుల్లోకి జారిన కొద్దిపాటిదే ప్రమాదం. లోపలి పొర వాచి, న్యుమోనియా లాంటిది వస్తుంది. మొదట కాస్త దగ్గు తప్ప ఏమీ ఉండదు, కొన్ని గంటలకు ఆయాసం, జ్వరం మొదలవుతాయి.

పిల్లల విషయంలో ఇదే కథ ఇంకా ఘోరంగా ఉంటుంది. మిగిలిన థిన్నర్‌ను కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి కిటికీలో పెట్టడం మన ఇళ్లలో మామూలు. దాని మూత చిన్న చేతికి కూడా వస్తుంది. రంగు చూస్తే నీళ్లలాగే ఉంటుంది. ఆ తరువాత ఇంటివారు కంగారులో చేసే పని ఉప్పు నీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించడం. దయచేసి ఈ పని చేయకండి. లోపలికి పోయేటప్పుడు ఊపిరితిత్తులను తప్పించుకున్న ద్రవం, బయటికి వచ్చేటప్పుడు వాటిలోకి వెళ్లే అవకాశం ఉంది. పాలు పట్టవద్దు, కొబ్బరి నూనె పట్టవద్దు, నెయ్యి పట్టవద్దు. తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, పిల్లవాణ్ని కూర్చోబెట్టినట్టు ఎత్తుకుని ఆసుపత్రికి రండి, లేదా 108కి ఫోన్ చేయండి. ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచేయకండి. అలాంటి పిల్లలను కూడా కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండి, అవసరమైతే ఎక్స్‌రే తీసి గాని డాక్టర్లు పంపరు. వచ్చేటప్పుడు ఆ సీసా, దాని అసలు డబ్బా వెంట తీసుకురండి. మీ వర్ణన కంటే డబ్బా మీద రాసినదే మాకు ఎక్కువ ఉపయోగం.

పెట్రోలులో మరొక చిక్కు, దాని ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. పెరట్లో బేసిన్‌లో పెట్రోలు పోసి కవర్ కడుగుతుంటే, ఆవిరి గడప దాటి వంటింట్లోకి వెళుతుంది. అక్కడ పొయ్యి వెలిగిస్తే మంట వెనక్కి పరిగెత్తి వస్తుంది. పొయ్యి దూరంగానే ఉంది అన్నవారి చేతులకు, కాళ్లకు మేము డ్రెస్సింగులు చేసి ఉన్నాం. అందుకే జిడ్డు తీయడానికి పెట్రోలు అసలు వాడకండి. బట్టల సబ్బు పొడి కలిపిన వేడి నీళ్లు, పాత టూత్‌బ్రష్, ఓపిక ఉంటే చాలు. రెండు మూడు సార్లు కడగాలి, అంతే. బజారులో దొరికే నీళ్లలో కలిసే డీగ్రీజర్ కూడా పనికి వస్తుంది, చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకుంటే.

కొందరు షెడ్డులో చూసి కాస్టిక్ సోడా తెస్తారు. రేకు కవర్ దాన్ని తట్టుకుంటుంది గాని, అల్యూమినియం తట్టుకోదు. కాస్టిక్ సోడా నీళ్లలో అల్యూమినియం వేస్తే బుసబుస పొంగుతూ కరిగిపోతుంది. పైకి వచ్చేది హైడ్రోజన్, అది మండే వాయువు. కవర్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. పొంగిన నీళ్లు కంట్లో పడితే నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ పడి చూపు పోవచ్చు. ఆసిడ్ కంటే క్షారం కంటికి ఎక్కువ చెడుపు చేస్తుంది, లోపలికి లోపలికి దిగుతూనే ఉంటుంది కనుక. అలా పడితే ఆసుపత్రికి పరిగెత్తడం రెండో పని. మొదటి పని, పంపు కిందనో చెంబుతోనో రెప్పలు విప్పి పట్టుకుని అరగంట ఆగకుండా నీళ్లు పోయడం. నిమ్మరసం, వెనిగర్ పోసి విరిచేద్దామని చూడకండి.

పాత రంగు తీసే రిమూవర్ డబ్బాలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింట్లో మెథిలీన్ క్లోరైడ్ అనే ద్రవం ఉంటుంది. దాని ఆవిరి పీల్చినప్పుడు శరీరంలోనే అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు దాని దగ్గరకు రాకూడదు. తలుపులు వేసిన గదిలో ఎవరూ వాడకూడదు. మా సలహా అడిగితే, నీళ్లు తడుపుతూ ఎమరీ పేపరుతో రుద్దడమే మేలు. తడిగా రుద్దితే దుమ్ము లేవదు. పాత బండ్ల రంగులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటరాదన్న నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అవి ఇంటి రంగులకు చేసినవి, పాత బండ్ల రంగుకు ఆ భరోసా లేదు. పిల్లలు పాకే వరండాలో ఆ పొడి పడితే చేతుల ద్వారా నోట్లోకి వెళుతుంది. రుద్దేటప్పుడు కింద పాత పత్రికలు పరిచి, చివరకు మడిచి పారేయండి, చీపురుతో ఊడ్చకండి.

గ్రైండర్‌కు వైరు బ్రష్ తగిలించి గీకేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి. చూపు కోసం వాడే కళ్లజోడు చాలదు, పక్కలు కూడా మూసేది కావాలి. ఆ బ్రష్ నుంచి ఊడే తీగ ముక్క సూదిలా ఎగిరి కనుగుడ్డులోకి దిగిపోవచ్చు, పైకి గాయం కూడా సరిగా కనిపించదు. కంట్లో నలక పడితే చీర కొంగుతో, అగ్గిపుల్లతో తీయడం, తల్లిపాలు పిండడం మన పల్లెల్లో ఇంకా ఉంది. ముసలమ్మలను నొప్పించడం మాకు ఇష్టం లేదు గాని, ఇనుప ముక్క విషయంలో వారి మాట వినకండి. కన్ను నలపకుండా, పైన కాగితం కప్పు లాంటిది ఆనించి కంటి డాక్టర్ దగ్గరకు రండి.

ఇప్పుడు రంగు. ఇంజన్ నీళ్లు దాదాపు 90 డిగ్రీల దగ్గర ఉంటాయి, కవర్ వేడి కూడా ఆ చుట్టుపక్కలే. కనుక ఇంజన్ల కోసం అమ్మే వేడి తట్టుకునే స్ప్రే డబ్బా సరిపోతుంది. ప్యాకింగ్ కూర్చునే అంచుకు, బోల్టు రంధ్రాలకు, ఆయిల్ పోసే నోటికి టేపు అంటించండి. అంచు మీద రంగు పడితే ప్యాకింగ్ సరిగా కూర్చోక ఆయిల్ కారుతుంది. అల్యూమినియం మీద ముందు దానికి తగిన ప్రైమర్ పడాలి, లేకపోతే రంగు రేకులుగా లేచిపోతుంది. ఒకేసారి చిక్కగా కాక, మూడు పల్చని పూతలు, మధ్యలో డబ్బా మీద చెప్పినంత సేపు ఆగుతూ వేయండి. మన కృష్ణా డెల్టాలో ముసురు పట్టిన రోజుల్లో థిన్నర్ ఆరుతూ గాలిలోని తేమను లాక్కుని రంగు తెల్లగా పాలిపోతుంది, కనుక వర్షాకాలంలో ఎండ కాసిన రోజు చూసుకోండి. నడి ఎండాకాలం మధ్యాహ్నం కూడా వద్దు, ఆవిరి ఎక్కువ, స్ప్రే డబ్బా ఎండలో ఉంటే పేలుతుంది.

కరోనా తరువాత ఇళ్లలో మిగిలిన ఎన్-95 మాస్కు పెట్టుకుంటే చాలు అనుకుంటున్నారు. అది దుమ్మును, రంగు తుంపరలను కొంత ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. వాసన మీకు తెలుస్తోందంటే ఆవిరి మీ లోపలికి వెళుతున్నట్టే. ఆరుబయట, గాలి వీచే వైపు వీపు పెట్టి నిలబడి వేయండి. బొగ్గు నింపిన డబ్బీలున్న మాస్కు దొరికితే ఇంకా మంచిది. తల తిరిగినా, నవ్వు వచ్చినట్టు మత్తుగా ఉన్నా పని ఆపి దూరంగా వెళ్లండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారిని, గర్భిణులను ఆ పూట పక్కింటికి పంపినా తప్పు లేదు.

మెరుపు కోసం హార్డెనర్ కలిపి, కంప్రెసరుతో కొట్టే రంగు ఇంటి దగ్గర మాత్రం వద్దు. చాలా హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటికి ఊపిరితిత్తులు ఒకసారి పడకపోతే, తరువాత అతి కొద్దిగా తగిలినా ఉబ్బసం వస్తుంది. రంగు వేయడమే వృత్తిగా ఉన్నవారు ఆ జబ్బుతో పని మానుకోవలసి వస్తుంది. ఆ పనికి విజయవాడ ఆటోనగర్‌లోనో మరెక్కడనో, గాలి మరలు, సరైన మాస్కులు ఉన్న చోటికి కవర్‌ను పంపండి. రోజుకు నాలుగు బండ్లకు రంగు కొట్టే కుర్రవాళ్లకు రుమాలు తప్ప ఏమీ లేని చోట ఇవ్వకపోతే మాకు ఇంకా సంతోషం.

చేతులకు అంటిన రంగును థిన్నర్‌తో కడగకండి, అది చర్మంలోని నూనె లాగేసి పగుళ్లు తెస్తుంది, కొంత లోపలికీ ఇంకుతుంది. కొబ్బరి నూనె రాసి తుడిచి, ఆపైన సబ్బు వాడండి. రంగు గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకుండా విడివిడిగా ఆరవేయండి, నూనె రంగు తుడిచిన గుడ్డల ముద్ద తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. మిగిలిన థిన్నర్‌ను కాలువలో పోయకండి, దాని డబ్బాలోనే మూత బిగించి, తాళం ఉన్న చోట పెట్టండి.

రంగు గట్టిపడటానికి కొందరు కేకులు చేసే ఓవెన్‌లో కవర్‌ను కాలుస్తారు. ఆ ఆవిరి ఓవెన్ గోడలకు పట్టి తరువాతి కేకుకు అంటుతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అవసరం లేదు. డబ్బా మీద చెప్పినన్ని రోజులు నీడలో ఆరనిచ్చి, కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు మధ్య నుంచి అంచులకు కొద్దికొద్దిగా, అతిగా కాకుండా బిగించండి. ఇంజన్ వేడే మిగిలినదంతా గట్టిపరుస్తుంది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాస్త పొగ, వాసన వస్తాయి. అందుకని కారును షెడ్డులోంచి బయటకు తోసి, వీధి వైపు నిలిపి స్టార్ట్ చేయండి. పది నిమిషాల తరువాత బానెట్ ఎత్తి ప్యాకింగ్ చుట్టూ చూడండి. ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఇంజన్ ఆపి, చల్లారాక మళ్లీ విప్పాలి, ఎందుకంటే కారిన ఆయిల్ కిందనున్న వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే మంట లేస్తుంది.