ఒంటి గంటకు సైన్సు

లండన్ నడిబొడ్డున హోబర్న్ అనే వీధి ఉంది. అన్నీ ఆఫీసులే. మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందంటే జనం బిలబిలమంటూ రోడ్డు మీదికి వస్తారు, సాండ్‌విచ్ కొట్ల ముందు వరస కడతారు. వాళ్లలోంచి కొందరు మాత్రం పక్కకు తిరిగి, భవనాల మధ్య ఉన్న ఇరుకు సందులోకి మళ్లుతారు. సందు దాటితే బార్నార్డ్స్ ఇన్ హాల్. చిన్న హాలే. పైన వందల ఏళ్ల నాటి కలప దూలాలు, గోడలకు నల్లబడ్డ చెక్క పలకలు. 1666లో లండన్‌ను కాల్చేసిన మంటల నుంచి బయటపడ్డ కట్టడం ఇది. డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో పిప్ అనే కుర్రాడు లండన్ వచ్చాక బస చేసేది ఈ ఆవరణలోనే.

ఆ హాల్లో మధ్యాహ్నం ఒంటి గంటకు ఉపన్యాసం. టికెట్ డబ్బులు లేవు. డిగ్రీ అడగరు, డిగ్రీ ఇవ్వరు. కృష్ణబిలాల మీదో, అంటువ్యాధుల మీదో పనిచేస్తున్న మనిషే వచ్చి, తన రంగంలో ప్రస్తుతం ఏం జరుగుతోందో గంటసేపు మామూలు మాటల్లో చెబుతాడు. వినేవాళ్లలో రిటైరైన వాళ్లుంటారు, బడిపిల్లలుంటారు, గుమాస్తాలుంటారు. రెండు గంటలకల్లా మళ్లీ ఎవరి పనికి వాళ్లు.

ఈ ఏర్పాటు పేరు గ్రెషమ్ కాలేజీ. వయసు నాలుగు వందల ఏళ్లు దాటింది. ఇప్పుడు అన్ని ఉపన్యాసాలూ ఒంటి గంటకే జరగవు, సాయంత్రం ఆరింటికి పెట్టేవీ ఉన్నాయి. అయినా ఆఫీసు భోజన విరామంలో ఒక శాస్త్రవేత్త నోటి నుంచి కొత్త సైన్సు వినడమనే అలవాటును ఇంత కాలం నిలబెట్టిన చోటు మరొకటి చూపించడం కష్టం.

దీన్ని పెట్టినవాడు శాస్త్రవేత్త కాదు, వర్తకుడు. సర్ థామస్ గ్రెషమ్ ట్యూడర్ రాజులకు విదేశాల్లో అప్పులు పుట్టించి పెట్టినవాడు, లండన్‌లో రాయల్ ఎక్స్ఛేంజ్ కట్టించినవాడు. 1579లో చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు అంతకు ముందే పోయాడు. భార్య బతికున్నంత కాలం ఆస్తి ఆమెదే. ఆమె తర్వాత బిషప్స్‌గేట్‌లోని తన ఇంట్లో ఏడుగురు ఆచార్యులను పెట్టి, ఊరి జనానికి ఉచితంగా పాఠాలు చెప్పించాలని వీలునామా రాశాడు. ఖగోళం, జ్యామితి, వైద్యం, న్యాయం, సంగీతం, వక్తృత్వం, దైవశాస్త్రం. ఒక్కొక్కరికి ఏడాదికి 50 పౌండ్లు, ఎక్స్ఛేంజ్ అద్దెల్లోంచి. 1597లో పాఠాలు మొదలయ్యాయి. అప్పటికి లండన్‌కు విశ్వవిద్యాలయమే లేదు. మరో రెండు వందల ఏళ్లకు గానీ రాలేదు.

ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. పండితుల భాష లాటిన్. రేవులో ఓడ నడిపేవాడికి, దుకాణదారుకు లాటిన్ రాదు. అందుకని అదే పాఠాన్ని ఒకసారి లాటిన్‌లో, ఒకసారి ఇంగ్లీషులో చెప్పాలని నియమం పెట్టారు. ఇవాళ ప్రపంచమంతా సైన్సుకు ఇంగ్లీషే దిక్కు అనుకుంటున్నాం. ఆ ఇంగ్లీషు కూడా ఒకప్పుడు సైన్సుకు చాలని భాష అనిపించుకున్నదే.

జ్యామితికి మొదటి ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్. పాత తరం ఇంటర్, పాలిటెక్నిక్ విద్యార్థులు అట్టలు చిరిగిపోయేదాకా వాడిన లాగ్ టేబుల్స్‌కు మూలపురుషుడు ఆయనే. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వాటిని సంవర్గమానాలు అంటారు. లాగరిథమ్స్‌ను కనిపెట్టింది బ్రిగ్స్ కాదు, స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్. ఆయన పుస్తకం 1614లో వచ్చింది. గుణకారాన్ని కూడికగా మార్చే ఆ కిటుకు చూసి బ్రిగ్స్ ముగ్ధుడైపోయాడు. వెంటనే గ్రెషమ్ కాలేజీలో తన శ్రోతలకు దాన్ని వివరించడం మొదలుపెట్టాడు. అప్పటికి అది ప్రపంచంలోనే సరికొత్త గణితం.

అసలు సంగతి ఇక్కడే ఉంది. నేపియర్ పద్ధతి గొప్పదే గానీ, వాడకంలో చిక్కులున్నాయి. పది మందికీ విడమరిచి చెబుతున్నప్పుడే, దీన్ని పది ఆధారంగా మారిస్తే ఎంతో సులువవుతుందని బ్రిగ్స్‌కు తట్టింది. ఈ మాట ఆయనే తన పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు: గ్రెషమ్ కాలేజీలో శ్రోతలకు బహిరంగంగా బోధిస్తుండగా గమనించానని.

ఆ సులువేమిటో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు. పది ఆధారంగా తీసుకుంటే 2 లాగ్ విలువ 0.3010. 20కి 1.3010. 200కి 2.3010. చుక్క తర్వాతి భాగం మారలేదు, ముందున్న అంకె ఒక్కటే మారింది. 3 లాగ్ 0.4771 గనక 300కి 2.4771. ఇప్పుడు 200ను 300తో గుణించాలంటే ఆ రెండు లాగ్ విలువలూ కూడితే చాలు: 2.3010, 2.4771 కలిపితే 4.7781. పట్టికలో 0.7781కి అతి దగ్గరి విలువ ఎదురుగా 6 ఉంటుంది. ముందున్న 4 అంటే ఆరు పక్కన నాలుగు సున్నాలు. జవాబు 60,000. ఇంత చిన్న లెక్కకు ఇదంతా ఎందుకనిపిస్తుంది. కానీ నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తేల్చడానికి ఏడేసి అంకెల సంఖ్యలను గుణించి, భాగించాల్సిన నావికుడికి ఇది గంటల పనిని నిమిషాల్లోకి తెచ్చింది.

1615 వేసవిలో బ్రిగ్స్ నాలుగు రోజులు ప్రయాణం చేసి ఎడిన్‌బరో వెళ్లాడు, నేపియర్ ఇంట్లో నెల రోజులున్నాడు. నేపియర్ మనసులోనూ అలాంటి మార్పే ఉందని తేలింది. ఒకటికి లాగ్ సున్నా కావాలన్నది ఆయన సలహా. అది తన ఆలోచన కన్నా మెరుగైనదని బ్రిగ్స్ ఒప్పుకుని, అప్పటిదాకా వేసిన లెక్కలన్నీ పక్కన పెట్టేశాడు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాడు. మూడోసారి వెళ్లేలోపు, 1617లో, నేపియర్ చనిపోయాడు. 1624లో బ్రిగ్స్ ముప్పై వేల సంఖ్యలకు, పద్నాలుగేసి దశాంశ స్థానాల దాకా, చేత్తో లెక్కకట్టిన పట్టికలు అచ్చువేశాడు.

జనానికి సైన్సు చెప్పడమంటే పైనున్నవాడు కిందికి దిగి చేసే ధర్మకార్యం అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. బ్రిగ్స్ కథ దాన్ని ఒప్పుకోదు. గణితజ్ఞుడు కానివాడికి అర్థమయ్యేలా చెప్పాలని కూర్చున్నందువల్లే ఆ గణితం మెరుగుపడింది. అక్కడ లాభపడింది వినేవాడొక్కడే కాదు.

1660 నవంబరు 28న అదే కాలేజీలో మరో ఉపన్యాసం జరిగింది. చెప్పినవాడు ఖగోళ ఆచార్యుడు క్రిస్టఫర్ రెన్, తర్వాత సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన వాస్తుశిల్పి. అప్పటికి ఆయన వయసు 28. పాఠం అయ్యాక పన్నెండు మంది అక్కడే ఆగి, ప్రయోగాల ద్వారా ప్రకృతిని తెలుసుకునే సంఘం పెట్టుకోవాలని తీర్మానించారు. అదే రాయల్ సొసైటీ.

అన్ని రోజులూ అలాంటివి కావు. సూక్ష్మదర్శిని కింద బెండులోనూ ఈగలోనూ కొత్త లోకాలు చూపించిన రాబర్ట్ హుక్ 1665 నుంచి ఇక్కడ జ్యామితి ఆచార్యుడు. పాఠానికి ఒక్కరూ రాని రోజులు కూడా ఆయన డైరీలో కనిపిస్తాయి. అంతటి హుక్ ఖాళీ బల్లల ముందు నిలబడ్డాడంటే మనసు చివుక్కుమంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆచార్యులే పట్టించుకోవడం మానేశారు. 1768లో గ్రెషమ్ ఇంటినే పడగొట్టారు. ఆ తర్వాత కాలేజీ చోట్లు మారుతూ, 1991లో బార్నార్డ్స్ ఇన్‌కు చేరింది.

ఇప్పటి ఆచార్యుల్లో ఖగోళానికి క్రిస్ లింటాట్ ఉన్నారు, 2023 నుంచి. 2007లో మొదలైన 'గెలాక్సీ జూ' వ్యవస్థాపకుల్లో ఆయనొకరు. టెలిస్కోపు తీసిన లక్షల గెలాక్సీల ఫోటోలను నిపుణులే చూడాలంటే జీవితాలు చాలవు గనక, ఇంటర్నెట్‌లో పెట్టి మామూలు జనాన్నే వర్గీకరించమన్నారు. ఆ ఏడాదే హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ బడిపంతులమ్మ ఒక ఫోటోలో, గెలాక్సీ పక్కన, వింత రంగు మచ్చ ఒకటి చూసి ఇదేమిటని అడిగింది. నిపుణుల దగ్గరా తయారుగా జవాబు లేదు. చివరకు అది గెలాక్సీ అంత వెడల్పున్న వాయుమేఘమనీ, పక్క గెలాక్సీ నడిమధ్య ఒకప్పుడు ధగధగలాడి ఆరిపోయిన క్వేజార్ అనే కేంద్రం వెలుగు దాని మీద పడి మెరుస్తోందనీ తేల్చారు. దాని పేరు 'హానీస్ వూర్‌వెర్ప్'. డచ్ భాషలో వూర్‌వెర్ప్ అంటే వస్తువు. హానీ చూసిన వస్తువు, అంతే.

ఖగోళ పీఠంలో మొదటి మహిళ కెరొలిన్ క్రాఫర్డ్, 2011లో. నాలుగు శతాబ్దాలు పట్టింది. వైద్య పీఠంలో 2018లో చేరిన క్రిస్ విట్టీ మరుసటి ఏడాది ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి అయ్యారు. 2020 ఏప్రిల్ 30న, ఊరంతా తలుపులు బిగించుకున్న రోజుల్లో, ఆయన కోవిడ్ మీద ఆన్‌లైన్‌లో గ్రెషమ్ ఉపన్యాసం ఇచ్చారు. అప్పటికి ఆ వైరస్ గురించి లోకానికి ఉన్నది నాలుగు నెలల అనుభవమే.

మన దేశంలోనూ ఇలాంటి పని ఒకటి 1876లో మొదలైంది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ కలకత్తాలో చందాలు పోగుచేసి పెట్టిన సంఘం తొలి ఏళ్లలో ముఖ్యంగా జనానికి సైన్సు ఉపన్యాసాలే నడిపింది. 1907లో బౌబజార్ వీధిలో ఆ సంఘం బోర్డు చూసి లోపలికి వెళ్లిన కుర్ర ఆఫీసరు సి.వి.రామన్. విశాఖపట్నంలో పెరిగి, అక్కడే మెట్రిక్ పాసైన మనిషి. ఆఫీసుకు ముందు కాసేపు, తర్వాత కాసేపు అక్కడే ప్రయోగాలు చేశాడు. 1928లో తన ఆవిష్కరణను బెంగళూరులో ఒక ఉపన్యాసంలోనే వివరించాడు. 81 ఏళ్ల వయసులో, చనిపోవడానికి నెలన్నర ముందు, 1970 అక్టోబరు గాంధీ స్మారక ఉపన్యాసంలో ఆయన మాట్లాడింది చెవి నిర్మాణం గురించి, వినికిడి గురించి.

ఇప్పుడు ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2009 నుంచి 'చాయ్ అండ్ వై' పేరుతో ఆదివారం పొద్దున పృథ్వీ థియేటర్లో జనంతో మాట్లాడుతున్నారు. బెంగళూరు ప్లానెటేరియంలో 'కాపీ విత్ క్యూరియాసిటీ' నడుస్తోంది. ఒకరిది టీ, ఒకరిది కాఫీ.

తెలుగు సంగతి? పదాల కరవు లేదు. 1968లో పెట్టిన తెలుగు అకాడమి పుస్తకాలు తరాలకు భౌతికశాస్త్రం నేర్పాయి. శాస్త్రవేత్తల కరవూ లేదు. హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు చుట్టుపక్కలే పోషకాహార సంస్థ, రసాయనాల ఐఐసీటీ, జీవకణాల సీసీఎంబీ, భూభౌతిక శాస్త్రపు ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. డీఎన్‌ఏ నుంచి భూకంపాల దాకా నాలుగైదు కిలోమీటర్లలో దొరుకుతాయి. ఓపెన్ డే నాడు బడిపిల్లలు లోపలికి వెళ్లి చూసొస్తారు. మిగతా రోజుల్లో, ఆ ప్రహరీల బయట టిఫిన్ క్యారేజీ విప్పుకునే బ్యాంకు ఉద్యోగికి, ఆటో డ్రైవరుకు, ఇంటర్ కుర్రాడికి లోపల ఏం తేలుతోందో తెలుగులో చెప్పే ఒంటిగంట ఉపన్యాసం ఒక్కటి ఉంటే ఎంత బాగుండు. ఏసీ హాలు అక్కర్లేదు, వేపచెట్టు నీడ చాలు. ఇవాళ పొద్దున ల్యాబులో ఏం తప్పిందో, ఏం కుదిరిందో చెప్పే మనిషి ఒకరు, చేయి కడుక్కుని వచ్చి కూర్చునేవాళ్లు పాతిక మంది.