కారు కింద ‘టక్ టక్’ ఎక్కడిది?

మన హాస్టల్లో ఐ.టి.ఐ. మోటార్ మెకానిక్ ట్రేడు చదువుతున్నవాళ్ళం ఐదుగురం ఉన్నాం. సెలవులకు ఊరెళితే చాలు, “ఏరా, బండి పని నేర్చుకుంటున్నావుగా, గుంతలో పడితే మా కారు కింద టక్కుమంటోంది, ఏమై ఉంటుంది?” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదిది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు దీని గురించే రాయాలని అందరం కలిసి అనుకున్నాం.

రోడ్డు ఎగుడుదిగుళ్ళకు తగ్గట్టు చక్రం పైకీ కిందికీ ఆడాలి, లోపల కూర్చున్నవాళ్ళు మాత్రం అంతగా అదరకూడదు. ఈ పని చేసే ఏర్పాటే సస్పెన్షన్. దెబ్బను స్ప్రింగు మింగుతుంది. కానీ స్ప్రింగు ఒకసారి ఊగడం మొదలుపెడితే తొందరగా ఆగదు. ఆ ఊపును ఆపడానికి లోపల నూనె ఉండే షాక్ అబ్జార్బర్ పెడతారు. మన చిన్న కార్లలో చాలా వాటికి ముందు చక్రాల దగ్గర ఈ రెండూ కలిసి ఒకే నిలువు కాలులా ఉంటాయి. దాన్ని స్ట్రట్ అంటారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు పేరు మీద మెక్‌ఫర్సన్ స్ట్రట్ అని పిలుస్తారు. 1950లో ఇంగ్లాండులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ఇది పేరు తెచ్చుకుంది. స్ట్రట్ అడుగు భాగాన్ని లోయర్ ఆర్మ్ పట్టి ఉంచుతుంది. ఆ ఆర్మ్‌కు చక్రం వైపు కొసన బాల్ జాయింటు, బండి వైపు రబ్బరు బుష్‌లు ఉంటాయి. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరగకుండా ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది, అదే స్టెబిలైజర్ బార్. చాలా కార్లలో దాని రెండు కొసలనూ చిన్న లింక్ రాడ్లు స్ట్రట్‌కో ఆర్మ్‌కో కలుపుతాయి.

ఇనుముకూ ఇనుముకూ మధ్య రబ్బరో గ్రీజో ఉన్నంతకాలం చప్పుడు రాదు. రబ్బరు చిరిగినా, బాల్ జాయింటు మీది తొడుగు చినిగి దుమ్మూ నీళ్ళూ చేరి లోపలి గుండు అరిగినా అక్కడ కాస్త ఖాళీ ఏర్పడుతుంది. షెడ్డుల్లో దాన్ని ‘ప్లే’ అంటారు. ఆ ఖాళీలో భాగాలు ఒకదానికొకటి కొట్టుకోవడమే మనకు వినిపించే టక్ టక్. కాబట్టి ప్లే ఎక్కడుందో కంటికి కనిపించేదాకా, చేతికి తగిలేదాకా ఏ భాగాన్నీ మార్చకూడదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాలో ఒకరి నాన్నగారు అద్దె కారు నడుపుతారు. ముందు ఎడమవైపు చప్పుడు వస్తోందని ఒక షెడ్డుకు తీసుకెళితే, బండి ఎత్తి చూడకుండానే షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. రెండూ మార్చారు. నెల సంపాదనలో పెద్ద భాగం దానికే పోయింది, చప్పుడు మాత్రం పోలేదు. చివరికి తేలిందేమంటే కుడివైపు లింక్ రాడ్డు అరిగింది. వేలల్లో ఖర్చయింది, వందల్లో పోవలసిన పనికి! చప్పుడు బాడీ రేకుల వెంట పాకుతుంది. కుడివైపు పుట్టింది ఎడమవైపు వినిపించడం వింతేమీ కాదు. చెవిని నమ్మి పానా పట్టకూడదు.

మొదట బండి తోలేవాళ్ళను అడగాలి. చప్పుడు ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నది ముఖ్యం. మెల్లగా వెళుతుంటే చిన్న చిన్న గతుకులకు టకటకమంటే ముందు లింక్ రాడ్ల మీద, స్టెబిలైజర్ బార్ బుష్‌ల మీద అనుమానపడాలి. బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వెనక్కి తీసి బ్రేకు వేస్తే మరోసారి టక్కుమంటే లోయర్ ఆర్మ్ బుష్ చూడాలి. నిలబడి ఉన్న బండిలో స్టీరింగు తిప్పుతుంటే పైన టంగుమని స్ప్రింగు జారినట్టు వస్తే స్ట్రట్ పైనున్న మౌంటింగు, దాని బేరింగు చూడాలి. పెద్ద గుంతలో మాత్రమే దబ్బుమంటే సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుని రబ్బరు స్టాపర్‌కు తగులుతోందేమో. స్టీరింగు పూర్తిగా తిప్పి ముందుకు పోతుంటే చక్రంతో పాటు టిక్ టిక్‌మని వరసగా వచ్చేది సస్పెన్షన్‌ది కాదు, డ్రైవ్ షాఫ్ట్ జాయింటుది. క్లచ్ వదలగానే వచ్చే కుదుపు చప్పుడు ఇంజను మౌంటింగుది కావచ్చు.

తర్వాత పని డిక్కీ ఖాళీ చెయ్యడం. నవ్వకండి. జాకీ, పానాలు, స్టెప్నీ బిగుతుగా లేక వచ్చే చప్పుడును సస్పెన్షన్ చప్పుడనుకోవడం మామూలే. బ్యాటరీ క్లాంపు, సైలెన్సర్ పట్టుకునే రబ్బర్లు కూడా కదిపి చూడాలి. అంతకంటే ముందు చక్రాల నట్లు. అవి వదులైతే బండి కదపనేకూడదు.

ఇప్పుడు బండిని మెల్లగా నడిపి చూడాలి. గతుకుల మీద వెళుతూ బ్రేకు పెడలును కొంచెం ఆనించి పట్టండి. చప్పుడు ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్లదో కాలిపర్‌దో అయి ఉండాలి. రోడ్డుకు అడ్డంగా నిండుగా ఉన్న స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, అప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడదు. ఒక్క చక్రమే గుంతలో పడితే మెలిపడుతుంది, లింకుల మీద బరువు పడుతుంది. కాబట్టి స్పీడ్ బ్రేకర్ మీద రాని చప్పుడు ఒక పక్క గుంతలో వస్తే సగం జవాబు దొరికినట్టే.

లింక్ రాడ్డును చూడడానికి బండిని జాకీ మీద ఎత్తకూడదు. ఒక పక్క మాత్రమే ఎత్తితే బార్ మెలిపడి లింకును బిగించేస్తుంది, ఉన్న ప్లే దాగిపోతుంది. చక్రాలు నేల మీదే ఉండాలి, ఇంజను ఆపి ఉండాలి. ఒకరు బండిని పక్కకు ఊపుతుంటే మరొకరు చక్రం వెనకనుంచి చెయ్యిపెట్టి లింకు కొసను పట్టుకోవాలి. అరిగిన జాయింటు వేళ్ళకు కటుక్కుమని తగులుతుంది. చెవికంటే చెయ్యి నిజం చెబుతుందని మాకు షాపు ఫ్లోరులో నేర్పింది ఈ పరీక్షతోనే. లింకులు విప్పి నడిపి చూస్తామనే మెకానిక్కులు కూడా ఉన్నారు. కానీ పాత మారుతి 800 వంటి బండ్లలో లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ పోకుండా ఆపేది ఆ బారే. అక్కడ దాన్ని విప్పి బండి నడపడం చాలా ప్రమాదం.

బాల్ జాయింటును చూడడానికి మాత్రం చక్రం నేల విడవాలి. జాకీతో ఎత్తాక స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కింద దూరకూడదు, మా ట్రేడులో ప్రాణాలు పోయేది అక్కడే. చక్రాన్ని పైనా కిందా, అంటే గడియారంలో 12, 6 ఉన్నచోట పట్టుకుని ఊపాలి. ప్లే తెలిస్తే లోపల ఒకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కగానే ప్లే పోతే చక్రం బేరింగుది. పోకపోతే బాల్ జాయింటును అనుమానించి, ఆర్మ్ కింద కమ్మీతో ఎత్తి చూడాలి. 9, 3 ఉన్నచోట పట్టుకుని ఊపితే తెలిసే ప్లే టై రాడ్ ఎండ్‌దో స్టీరింగ్ ర్యాక్‌దో.

లింక్ రాడ్డు పోతే చప్పుడు, మలుపులో ఒరగడం, అంతవరకే. మెల్లగా షెడ్డుదాకా వెళ్ళవచ్చు. బాల్ జాయింటు ఊడితే చక్రం అడ్డంగా పడిపోయి బండి ముందుకు కూలబడుతుంది, స్టీరింగు పనిచెయ్యదు. అందులో ప్లే కనిపించిన బండిని అక్కడికక్కడే ఆపించాలి. “ఈ ఒక్క ట్రిప్పు వేసొస్తా” అన్నా సరే, ఒప్పుకోకూడదు. అద్దె బండి అయితే వెనక సీట్లో ఎవరి పిల్లలో ఉంటారు.

మూలను చేత్తో నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలిసిందే. బండి ఒకసారి లేచి నిలబడాలి, అదే పనిగా ఊగితే షాక్ అబ్జార్బర్ పోయినట్టు. స్ట్రట్ మీద నూనె కారిందేమో కూడా చూడాలి. కానీ ఈ పరీక్ష జాయింట్ల సంగతి చెప్పదు. స్ట్రట్ విప్పవలసి వస్తే స్ప్రింగును కంప్రెసర్‌తో బిగించకుండా పై నట్టు ముట్టుకోకూడదు, స్ప్రింగు ఎగిరి మొహానికి తగులుతుంది.

మన ఊళ్ళలో ఎక్కువగా తిరిగే టాటా ఏస్, బొలేరో వంటి బండ్లకు వెనక పట్టీలుంటాయి. అక్కడ చూడవలసినవి షాకిల్ బుష్‌లు, యూ బోల్టులు. యూ బోల్టు వదులైతే యాక్సిల్ పట్టీల మీద జరుగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది.

బుష్ మార్చేవాళ్ళకు ఒక మాట. లోయర్ ఆర్మ్ బోల్టులను చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొన్నాళ్ళకే చిరుగుతుంది. ముందు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ఆ తర్వాత చప్పుడు వచ్చిన ఆ రోడ్డు మీదే, ఆ వేగంతోనే, అంతమంది ఎక్కి నడిపి చూడాలి. తిరిగొచ్చాక చక్రాల నట్లను ఇంకోసారి పానాతో పట్టి చూసి బండి అప్పగించాలి.