బొమ్మల కథకు మార్కులు వేయడం ఎలా?



దసరా సెలవులు అయిపోయి హాస్టల్ తెరిచిన వారంలో, హైదరాబాదులో పై చదువు చదువుతున్న మన అన్న ఒకరు మమ్మల్ని చూడడానికి వచ్చారు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లోంచి ఏరిన ఇంగ్లీషు కామిక్స్ ఒక సంచీ నిండా తెచ్చి ఇచ్చారు. అవి సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ పుస్తకాలు కావు. 'బోన్' అనే కథ మొదటి రెండు సంపుటాలు, కత్తి పట్టిన కుందేలు కథ 'ఉసాగి యోజింబో' ఒకటి, అట్ట చిరిగిన 'ఎల్ఫ్‌క్వెస్ట్' ఒకటి. అన్నీ సాహసాలు, మాయలు, మంత్రాల కథలే. మేము నోటీసు బోర్డు పక్కన మేకుకు ఒక నోటుబుక్కు వేలాడదీసి, చదివినవారు తమ అభిప్రాయం రాయవలెను అని మొదటి పేజీలో రాశాం.

వారం తర్వాత చూస్తే పదకొండు అభిప్రాయాలు ఉన్నాయి. తొమ్మిదింటిలో "చాలా బాగుంది". ఒకదానిలో "సూపర్". మరొకదానిలో సంతకం మాత్రమే! ముందు నవ్వుకున్నాం. ఆ తొమ్మిదిలో మేము రాసినవీ ఉన్నాయని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఒకటో తరగతి నుంచి మనకు ఇతరులు మార్కులు వేయడమే గాని, మనం ఒక పుస్తకానికి మార్కులు వేసిన అలవాటు లేదు. ఎందుకు నచ్చింది, ఎక్కడ నచ్చలేదు అని అడిగితే మాట పెగలదు. ఆ మాట పెగలడానికి మేము ఏడాదిగా చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం.

స్వతంత్ర కామిక్ అంటే ఏమిటి?

అమెరికాలోని పెద్ద కంపెనీల్లో కామిక్ తయారీ చాలావరకు ఫ్యాక్టరీ పని లాంటిది. కథ ఒకరు రాస్తారు, పెన్సిలుతో ఒకరు గీస్తారు, సిరా ఒకరు దిద్దుతారు, రంగులు ఇంకొకరు వేస్తారు. పాత్ర మాత్రం కంపెనీది. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు తాము సృష్టించిన సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ 130 డాలర్లకు ఇచ్చేశారు. ఆ పాత్ర తర్వాత కోట్లు సంపాదించింది. దాన్ని పుట్టించినవాళ్ళు మాత్రం ఇబ్బందుల్లో బతికారు. ఎంతో పోరాటం జరిగాక 1975లో గాని వాళ్ళకు ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున ఇవ్వడానికి, పుస్తకం మీద పేర్లు వేయడానికి కంపెనీ ఒప్పుకోలేదు.

ఇది అక్కడి కథే అనుకోకండి. మన 'చందమామ'లో 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' వంటి జానపద ధారావాహికల కోసం ఇళ్ళలో పిల్లలు, పెద్దలు ఎదురుచూసేవారు. వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ కథల మీద ఉండేది కాదు. ఆ కథలు చదివి పెరిగిన చాలామందికి ఆయన ఎవరో తెలిసింది ఎన్నో ఏళ్ళ తర్వాతే.

రాసినవారు, గీసినవారు తమ కథను తామే సొంతం చేసుకుని, తామే అచ్చు వేసుకోవడమో, హక్కులు వదులుకోకుండా చిన్న ప్రచురణకర్తకు ఇవ్వడమో చేస్తే అది స్వతంత్ర కామిక్. 1978లో వెండీ పీని, రిచర్డ్ పీని అనే దంపతులు 'ఎల్ఫ్‌క్వెస్ట్' మొదలుపెట్టారు. మొదటి కథ వేరేవారు అచ్చు వేసిన తీరు నచ్చక, సొంత సంస్థ పెట్టుకుని తామే అచ్చు వేశారు. స్టాన్ సకాయ్ 1984లో మొదలుపెట్టిన 'ఉసాగి యోజింబో' పదిహేడో శతాబ్దపు జపాన్‌లో యజమాని లేని ఒక సమురాయ్ కుందేలు కథ. నలభై ఏళ్ళలో దాని ప్రచురణకర్తలు చాలాసార్లు మారారు. కుందేలు మాత్రం సకాయ్ గారిదే. హక్కు చేతిలో ఉంటే ఇల్లు మారినా బిడ్డ మనతోనే వస్తుంది.

సమీక్ష ఎందుకు అవసరమైంది?

1970ల నుంచి అమెరికాలో కామిక్స్ కోసం ప్రత్యేకమైన దుకాణాలు పెరిగాయి. అక్కడి పద్ధతి ఏమిటంటే, దుకాణదారు కొంత తగ్గింపు ధరకు పుస్తకాలు ముందుగానే ఆర్డరు చేయాలి. అమ్ముడుపోనివి తిరిగి ఇవ్వడానికి లేదు. చేతిలో కొద్ది డబ్బుతో వ్యాపారం చేసేవాడు ఏం చేస్తాడు? అందరికీ తెలిసిన హీరో పుస్తకాలు తెప్పిస్తాడు. పేరు తెలియని రచయిత పుస్తకం తెప్పించాలంటే ఎవరో ఒకరు చదివి, ఇది బాగుంది, ఇందుకు బాగుంది అని చెప్పాలి. ప్రకటనలకు డబ్బులేని రచయితకు సమీక్షే పెద్ద దిక్కు.

అయితే గుడ్డి పొగడ్త ఎంత కీడు చేస్తుందో కూడా అక్కడే తెలిసింది. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అనే ఇద్దరు మిత్రులు తామే అచ్చు వేసుకున్న 'టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్' మొదటి సంచిక సుమారు మూడు వేల ప్రతులే. అది పెద్ద విజయం సాధించి, పాత ప్రతుల ధర ఆకాశాన్ని అంటింది. వెంటనే దాన్ని చూసి వాతలు పెట్టుకున్నట్టు నలుపు తెలుపు జంతువుల కామిక్స్ కుప్పలుగా వచ్చాయి. చదవడానికి కాక, రేపు ధర పెరుగుతుందని దాచుకోవడానికి జనం కొన్నారు. 1987 నాటికి ఆ బుడగ పగిలింది. తిరిగి ఇవ్వలేని కట్టలు దుకాణాల్లో మిగిలిపోయాయి. దుకాణాలు మూతపడ్డాయి. చిన్న ప్రచురణకర్తలు మునిగారు. చెత్తతోపాటు మంచి పుస్తకాలూ నష్టపోయాయి. ఇందువల్ల మాకు అర్థమైంది ఒక్కటే: అబద్ధపు పొగడ్త రచయితకు కూడా మేలు చేయదు.

మేము పెట్టుకున్న అయిదు ప్రశ్నలు

నోటుబుక్కు రెండో పేజీలో అయిదు ప్రశ్నలు రాసి అతికించాం. అవి ఇవి:

1. బొమ్మలు మాత్రమే చూస్తే కథ ఎంత అర్థమవుతుంది? మాటలు చేయి వేసి మూసి చూడాలి. బొమ్మలో ఉన్నదే మళ్ళీ మాటల్లో చెబితే ఒకటి దండగ.

2. గడికీ గడికీ మధ్య ఏం జరిగింది? కామిక్‌లో రెండు గడుల మధ్య ఉండే తెల్లని సందు ఖాళీ కాదు. ఒక గడిలో ఎత్తిన కత్తి, తర్వాతి గడిలో ఎగిరిపోతున్న కాకులు ఉంటే, వేటు మన మనసులో పడుతుంది. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వచ్చిన తన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో ఈ సంగతిని బొమ్మల్లోనే వివరించాడు.

3. ఆ మాయా లోకానికి ఒక నియమం ఉందా? మంత్రం ఉంటే దానికి హద్దు ఉండాలి. హీరో చిక్కుల్లో పడ్డప్పుడల్లా కొత్త శక్తి ఊడిపడితే భయమూ ఉండదు, సంతోషమూ ఉండదు.

4. అక్షరాలు, మాటల బుడగలు ఏం పని చేస్తున్నాయి? ఇది మేము మొదట అసలు పట్టించుకోలేదు. మాకు కళ్ళు తెరిపించింది సాహస కథ కాదు, 2011లో నవయాన అనే చిన్న ప్రచురణ సంస్థ తెచ్చిన అంబేడ్కర్ గారి జీవితకథ 'భీమాయన'. దానికి బొమ్మలు వేసినవారు పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. వాళ్ళు కథను చదరపు గడుల్లో బంధించలేదు. కులం విషం చిమ్మే మాటల బుడగకు తేలు కొండి పెట్టారు. మెత్తని మాటలను పక్షి ఆకారంలో గీశారు. చదవడం రానివాడికి కూడా ఏ మాట కుడుతుందో తెలిసిపోతుంది!

5. ఏ పేజీ? బాగుంది అన్నా, బాగాలేదు అన్నా ఒక పేజీ చూపించాలి. పేజీ చూపించలేని అభిప్రాయాన్ని మేము లెక్కలోకి తీసుకోం.

ఉదాహరణకు: 'బోన్'

ఈ ప్రశ్నలతో 'బోన్'ను ఎలా చూశామో చెబుతాం. దీన్ని రాసి, గీసినవాడు అమెరికాలోని ఒహైయో రాష్ట్రానికి చెందిన జెఫ్ స్మిత్. యానిమేషన్ స్టూడియోలో పనిచేసిన అనుభవంతో 1991లో కార్టూన్ బుక్స్ అనే సొంత సంస్థ పెట్టాడు. ప్రచురణ, వ్యాపారం పనులు ఆయన భార్య విజయ అయ్యర్ చూసుకున్నారు. 2004 వరకు 55 సంచికల్లో కథ పూర్తయింది. అన్నీ కలిపి 1,300 పేజీలకు పైనే. మొదట అంతా నలుపు తెలుపే. 2005 నుంచి స్కొలాస్టిక్ సంస్థ రంగుల్లో తెచ్చింది. మాకు దొరికినవి ఆ రంగుల ప్రతులే. అమెరికాలో కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ పురస్కారాలు దీనికి పది వచ్చాయి. అయితే పురస్కారాలు చూసి మార్కులు వేయకూడదని ముందే అనుకున్నాం.

కథ ఇది. తెల్లగా, గుండ్రంగా, పెద్ద ముక్కుతో ఉండే ముగ్గురు అన్నదమ్ముల పిల్లలు ఊరి నుంచి గెంటివేయబడతారు. కారణం వాళ్ళలో ఒకడైన ఫోనీ దురాశ. ఎడారిలో మిడతల దండు వాళ్ళను విడదీస్తుంది. మంచివాడైన ఫోన్ బోన్ ఒక లోయలోకి చేరి, థార్న్ అనే అమ్మాయి ఇంట్లో తలదాచుకుంటాడు. ఆమె అవ్వ ఆవులతో పందెం వేసి కాలినడకన పరుగెత్తే మనిషి! మొదట్లో నవ్వులాట. పోనుపోను ఆ అమ్మాయి ఎవరు, అవ్వ దాచిన రహస్యం ఏమిటి అన్నది పెద్ద యుద్ధానికి దారితీస్తుంది.

మొదటి ప్రశ్నకు సమాధానం ఏడో తరగతి తమ్ముడు ఒకడు ఇచ్చాడు. వాడికి ఇంగ్లీషు ఇంకా సరిగా రాదు. సిగ్గుపడి నోటుబుక్కులో ఏమీ రాయకపోతే, బొమ్మలు చూసి చెప్పరా అని కూర్చోబెట్టాం. వాడు పుస్తకం తిప్పి, చలికాలం వచ్చే చోట ఆగాడు. "అన్నా, ఈ గడిలో మంచు లేదు. పక్క గడిలో మంచంతా ఒక్కసారే దబ్బున పడింది. మా ఊళ్ళో వాన కూడా ఇట్ల పడదు. ఈ లోయ మామూలు లోయ కాదు" అన్నాడు. మేము అదే పేజీ చూసి నవ్వి తిప్పేశాం. వాడు మాత్రం రెండు గడుల సందులో ఏం జరిగిందో చూశాడు, ఆ లోకపు నియమాన్నీ పట్టుకున్నాడు. ఇంగ్లీషు చదివిన మా కన్నా చదవని వాడే బాగా చదివాడు!

మేము మెచ్చుకున్న రెండో సంగతి ఎలుక రాక్షసులు. భయంకరమైన కోరలు, ఎర్రని కళ్ళు. వాటిలో ఇద్దరు మాత్రం ఫోన్ బోన్‌ను ఎలా వండుకోవాలన్న దాని మీద వాదులాడుకుంటూ ఉంటారు. ఒకే పాత్ర నవ్విస్తూనే భయపెట్టడం కష్టమైన పని. హీరోల ముఖాలు రెండు చుక్కలు, ఒక గీత అంత సులువుగా ఉంటాయి. వెనక కొండలు, చెట్లు, రాళ్ళు మాత్రం శ్రద్ధగా గీసి ఉంటాయి. అందువల్ల ఆ చిన్న బొమ్మల వెంట మనమూ నిజమైన అడవిలోకి వెళ్ళినట్టు ఉంటుంది.

తర్వాతి సంపుటాలు ఆ అన్ననే అడిగి ఒక్కొక్కటిగా తెప్పించుకున్నాం. లోపం కూడా చెప్పాలి. కథ సగం దాటాక పాత చరిత్ర, కలల లోకం గురించిన వివరణలు ఎక్కువయ్యాయి. పాత్రలు నిలబడి చెప్పుకుంటూ పోతారు. మొదట్లో మంచు పడిన తీరులో ఉన్న ఒడుపు ఆ పేజీల్లో తగ్గింది. ఇలా రాసేటప్పుడు మాలో ఒకరికి భయం వేసింది. ఇన్ని పురస్కారాలు వచ్చిన పుస్తకానికి తప్పు పట్టడానికి మనమెవరం అన్నాడు. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి, చదివినవాళ్ళం, పేజీ చూపించగలవాళ్ళం, అంతే చాలు అని తేల్చుకున్నాం.

ఒక జాగ్రత్త

స్వతంత్ర రచయిత ఒంటరిగా పనిచేస్తాడు. నలుపు తెలుపులో వేశాడంటే చాలాసార్లు రంగుల అచ్చుకు డబ్బు లేకనే. కాబట్టి కాగితం పలచన, రంగులు లేవు అని మార్కులు తగ్గించడం న్యాయం కాదు. ఉన్న సిరాతో ఏం చేశాడన్నదే చూడాలి. అలాగని పేదవాడు, కష్టపడ్డాడు అని జాలి మార్కులు వేయడమూ తప్పే. మనకు జాలి మార్కులు వేస్తే మనకు ఎలా ఉంటుందో ఆలోచించండి. మన జవాబు చదివి, తప్పు దగ్గర గీత గీసి, ఒప్పు దగ్గర టిక్కు పెట్టిన మాస్టారే మనల్ని గౌరవించినట్టు.

చివరిగా

మేకుకు వేలాడే నోటుబుక్కు ఇప్పుడు రెండోది. "చాలా బాగుంది" అని ఎవరైనా రాస్తే కింద ఇంకెవరో "ఏ పేజీ?" అని రాస్తున్నారు. ఆ ఏడో తరగతి తమ్ముడు ఇప్పుడు లెక్కల నోటు వెనక పేజీల్లో సొంతంగా ఒక బొమ్మల కథ గీస్తున్నాడు. వాళ్ళ ఊరి చెరువులో ఉండే ఒక మాయ చేప కథ. మొదటి నాలుగు పేజీలు మాకు చూపించి మార్కులు వేయమన్నాడు. మూడో పేజీలో చేప ఎందుకు మాట్లాడిందో అర్థం కాలేదని చెప్పాం. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళి, మర్నాడు ఆ పేజీ మళ్ళీ గీసి తెచ్చాడు. ఇప్పుడు అర్థమవుతోంది.

మొదటి పేజీ మీద వాడి పేరు పెద్ద అక్షరాలతో రాయించాం. పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి ఒక్కటే. ఈసారి వచ్చేటప్పుడు మీరు చదివిన పుస్తకం ఒకటి తెచ్చి ఇవ్వండి. దాని లోపల ఒక చీటీ మీద, మీకు నచ్చిన పేజీ ఏదో, నచ్చని పేజీ ఏదో రాసి పెట్టండి. మేము దాన్ని చదివి, ఒప్పుకుంటామో లేదో నోటుబుక్కులో రాస్తాం.