గుర్రం కీలుకు దెబ్బ తగిలితే: అపోహలు – వాస్తవాలు

కాలు విరిగిన గుర్రాన్ని చంపేయడం తప్ప దారి లేదంటారు. చిన్న గాయమైతే పసుపు అద్దితే సరిపోతుందనీ అంటారు. రెండూ ఒకే పొరపాటులోంచి పుట్టాయి. గాయం ఎంత పెద్దదో చూస్తున్నారే గాని, అది కీలును తాకిందా అని చూడటం లేదు. గుర్రానికి ముందు మోకాళ్ల కింద కండ దాదాపు ఉండదు. చర్మాన్ని అంటుకునే స్నాయువులు, కీళ్లు ఉంటాయి. గిట్టకు పైనున్న ఫెట్‌లాక్ కీలు దగ్గర మేకు దిగి బఠాణీ గింజంత రంధ్రం పడిందనుకోండి. లోపలి ద్రవం బయటికి కారుతున్నంతసేపూ గుర్రం పెద్దగా కుంటకపోవచ్చు. రంధ్రం మూసుకుపోయి లోపల చీము పట్టాక కాలు మోపలేదు, అప్పటికే మృదులాస్థి పాడవుతుంటుంది. తొడమీద జానెడు చీలిక చూడ్డానికి భయంకరంగా ఉన్నా, కండ వరకే అయితే సాధారణంగా మానుతుంది. కీలు దగ్గరి గాయంలోంచి లేత పసుపు రంగు ద్రవం తీగలా సాగుతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. పశువైద్యుడు ఆ కీలును సెలైన్‌తో కడగాలి.

నొప్పి ఏ కాలిదో పోల్చుకోవడంలోనూ కన్ను మోసపోతుంది. తల దించినప్పుడు నేలకానిన కాలే దెబ్బతిన్నదని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందుకాలు నొప్పిగా ఉంటే అది నేలకు తగిలినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, మంచి కాలిమీద దించుతుంది.

కాలు విరిగినా చంపనక్కర్లేదంటే, మరి బార్బరో అనే పందెపు గుర్రం సంగతేమిటని అడగవచ్చు. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన ఆ గుర్రానికి రెండు వారాలకే ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనకకాలు ముక్కలైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు ప్లేటు, స్క్రూలతో అతికించారు. ఎముక చాలావరకు అతుక్కుంది కూడా. అయితే బరువంతా మోసిన ఎడమ వెనకకాలి గిట్టకు లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) వచ్చింది. బాధ భరించలేని దశకు చేరడంతో 2007 జనవరిలో దానికి కారుణ్య మరణం ప్రసాదించారు. కొన్ని విరుగుళ్లలో అదే దయ, కాదనను. కానీ కీలులో చిన్న ఎముక తునక ఊడితే ఆర్థ్రోస్కోపీతో (కీలులోకి సన్నని కెమెరా పంపి చేసే శస్త్రచికిత్సతో) తీసేస్తారు. అలాంటి పందెపు గుర్రాలు చాలా తిరిగి పరుగెత్తాయి. ఎక్స్‌రే తీయకుండా మరణశిక్ష వేయడం అన్యాయం.

ఇక పాత చికిత్సల సంగతి. కాల్చి వాతలు పెట్టడం వల్ల స్నాయువు త్వరగా మానదని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980లలోనే తేల్చారు. తోచిన నొప్పిమందు ఇవ్వడమైతే ప్రమాదం: నొప్పి తెలియని గుర్రం దెబ్బతిన్న కాలిమీద కూడా బరువు మోపుతుంది, ఎముకలో సన్నని చీలిక ఉంటే అది పూర్తిగా విరిగిపోవచ్చు.