రిజిస్టర్‌లో రాయని గంటలు

మన వాడల్లో ఎవరైనా పెద్దాసుపత్రిలో చనిపోతే, ఇంటివాళ్ల చేతికి వచ్చే కాగితంలో ‘రెస్పిరేటరీ ఫెయిల్యూర్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. అది రోగం పేరు కాదు. రక్తానికి చాలినంత ఆక్సిజన్ అందని, లేదా బొగ్గుపులుసు వాయువు బయటికి పోని దశ పేరు. అక్కడికి తెచ్చింది న్యుమోనియా కావచ్చు, టీబీ కావచ్చు, పురుగుమందు కావచ్చు, కట్లపాము కాటు కావచ్చు. ఆ మాట దగ్గరే ఆగిపోకుండా, ఎందుకు చేరారు, ఎప్పుడు చేరారు అని అడగాలంటున్నాం మేము.

ఈ దశలో చావుకు దారితీసేవేమిటో వైద్యశాస్త్రం చెబుతూనే ఉంది. పైబడిన వయసు, పడిపోయిన బీపీ, రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్, దెబ్బతిన్న కిడ్నీ, కాలేయం. 50 దేశాల్లోని 459 ఐసీయూలను పరిశీలించి 2016లో వెలువడిన లంగ్ సేఫ్ అధ్యయనంలో, ఏఆర్‌డీఎస్ అనే తీవ్రమైన ఊపిరితిత్తుల వాపు స్వల్పంగా ఉన్నవారిలోనే 100కి 35 మంది, ముదిరినవారిలో 46 మంది ఆసుపత్రిలో చనిపోయారు. దాదాపు 40 శాతం మందిలో డాక్టర్లు ఆ జబ్బును గుర్తించనే లేదు.

ఈ పట్టికల్లో కులానికి గడి ఉండదు, పోగొట్టుకున్న రోజులకూ ఉండదు. కూలి పోతుందని రెండు రోజులు, ఆర్‌ఎంపీ సూదితో ఒక రోజు, అప్పు పుట్టేదాకా ఇంకో రోజు ఆగి వచ్చిన మనిషికి అప్పటికే కిడ్నీలు పాడవుతాయి. రిజిస్టర్‌లో ‘బహుళ అవయవ వైఫల్యం’ అని పడుతుంది. అందులో సగం ఆలస్యమే.

నడిగడ్డ సంగతి చూడండి. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తన చేలల్లో మందు కొట్టేవాళ్లలో మనవాళ్లు ఎందరో. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగినా, చర్మం గుండా ఇంకినా ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండుతాయి, శ్వాస కండరాలు చచ్చుబడతాయి. అట్రోపిన్ స్రావాలను ఆరబెడుతుంది గానీ కండరాలకు బలం తేదు. అక్కడ వెంటిలేటరే దిక్కు. ఇంకో మోసం ఉంది. మొదటి రోజు తేరుకుని మాట్లాడిన మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మళ్లీ ఊపిరి ఆగిపోవచ్చు. తలగడ మీంచి తల ఎత్తలేకపోవడం దాని తొలి గుర్తు. బాగైందని, ఖర్చు భరించలేక, ఇంటికి తెచ్చుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

దూరం కూడా చంపుతుంది. 2021 మేలో ఇదే జిల్లాలోని పుల్లూరు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రా నుంచి హైదరాబాద్ పోయే కోవిడ్ రోగుల అంబులెన్సులను ఆపేశారు. దారిలోనే రోగులు చనిపోయారని వార్తలొచ్చాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షలపై స్టే ఇచ్చింది. అటువైపు కర్నూలు ఆసుపత్రినే నమ్ముకున్న అలంపూర్ పల్లెలు మనవి. సరిహద్దు మూస్తే ఏమవుతుందో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మంచిదే. కానీ వెంటిలేటర్ పెట్టె ఒక్కటే బతికించదు. రాత్రి రెండు గంటలకు దాన్ని నడిపే డాక్టరు, నర్సు ఉండాలి. ఎన్ని పనిచేస్తున్నాయి, ఏ షిఫ్టులో ఎవరున్నారు అని విద్యార్థులు సమాచార హక్కు కింద అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

వాడలో పనిచేసేవాళ్లకు గడియారం చాలు. పెద్దవాళ్లు నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే, మాట పూర్తిచేయలేకపోతే 108 పిలవాలి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ నల్లటి చర్మం మీద ఉన్నదానికన్నా ఎక్కువ అంకె చూపవచ్చని 2020లో అమెరికాలో తేలింది. అంకె బాగుందని ఆయాసాన్ని కొట్టిపారేయొద్దు. వేరే ఆసుపత్రికి పంపుతుంటే, దారికి సరిపడా ఆక్సిజన్ ఉందా, అక్కడ బెడ్ ఉందని ఫోన్‌లో తెలుసుకున్నారా అని బండి కదలకముందే అడగాలి.

మనిషి పోయాక కూడా కేస్ షీట్ అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. చేరిన సమయం, ఆక్సిజన్ పెట్టిన సమయం, వెంటిలేటర్ పెట్టిన సమయం పక్కపక్కన రాసి చూడండి.